ఆతిథేయి

సైన్సు టీచరు ఆ పని కావాలని చేయలేదు. ఆ మాట తర్వాత తనకు తానే ఎన్నోసార్లు చెప్పుకుంది. చెప్పుకున్న ప్రతిసారీ ‘అయితే మాత్రం?’ అని లోపలినుంచి ఎవరో అడిగినట్టే ఉండేది.

ఆ సోమవారం ఏడో తరగతికి పరాన్నజీవుల పాఠం. నెలల తరబడి మరమ్మతు కొట్లో మగ్గిన మైక్రోస్కోపు ఆ పొద్దున్నే తిరిగొచ్చింది. బడి మొత్తానికి ఉన్నది అదొక్కటే. కింద అరచెయ్యి ఆనించి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఆమె తరగతిలోకి అడుగు పెట్టేసరికి పిల్లలు బెంచీలెక్కి కేకలు పెట్టారు. కిటికీ పక్క బల్ల మీద దాన్ని దింపి, కింది అద్దాన్ని వెలుతురుకేసి తిప్పి, కటకాలు మెత్తటి గుడ్డతో తుడిచి, స్లైడ్ల పెట్టె తెరిచింది. తెరిచి ఉసూరుమంది. తేమకి స్లైడ్లన్నీ బూజు పట్టి ఉన్నాయి. బద్దెపురుగు స్లైడు అయితే మధ్యకి విరిగిపోయింది.

“ఏం చూపిస్తారు టీచర్?” ముందు బెంచీలోంచి మెడ సాచాడు రేడియో. నోరు మూతపడదు కాబట్టి వాడికి ఆ పేరు.

“ఇవేవీ పనికిరావురా. పుస్తకంలో బొమ్మ చూద్దాంలే.”

తరగతంతా గాలి తీసిన బంతిలా కూలబడింది. సరిగ్గా అప్పుడు ఆమె కంట పడింది అది.

రెండో బెంచీ చివర జడల పిల్ల తల వంచి పాఠం పేరు రాసుకుంటోంది. తరగతిలో అందరికంటే పొడుగు జడలు ఆ పిల్లవే. కూర్చుంటే చివర్లు బెంచీని తాకేవి. అందుకే టీచర్లంతా జడల పిల్ల అనేవారు. ఆ పిల్ల పాపిట మీద, తన సొంత వీధిలో నడిచినట్టు తాపీగా నడుచుకుంటూ పోతోంది ఒక పేను.

టీచరు మొహం వెలిగిపోయింది.

“కదలకు తల్లీ!”

ఆ పిల్ల ఏమిటని తలెత్తే లోపే ఆమె చెయ్యి వెళ్ళిపోయింది. రెండు గోళ్ళ మధ్య పట్టుకుని, చెయ్యి పైకెత్తి, “దొరికిందర్రా!” అంది.

ఆ తర్వాతి అరగంట చెప్పినంత బాగా ఆమె ఆ ఏడాదంతటిలో పాఠం చెప్పిన రోజు లేదు. గాజు పలక మీద నీటి చుక్క వేసి, పేనుని అందులో దింపి, పైన పల్చటి గాజు మూత ఒక అంచునుంచి మెల్లగా వాల్చింది. పిల్లలు వరసలో నిలబడి ఒక్కొక్కరే కన్ను ఆనించారు. “అమ్మో, ఏనుగంతుంది!” అన్నాడొకడు. ఆరు కాళ్ళు లెక్కపెట్టించింది. ప్రతి కాలి చివరా కొడవలిలాంటి గోరు ఎందుకుందో వాళ్ళ చేతే చెప్పించింది. రెక్కలు వెతకమంది. లేవని వాళ్ళే తేల్చారు.

“టీచర్, పొట్టలో నల్లగా ఏదో కదులుతోంది!” అన్నాడు రేడియో, కన్ను తీయకుండానే.

“అది రక్తం. అది తాగిన భోజనం.”

“ఎవరి రక్తం టీచర్?”

“పరాన్నజీవి ఎవరి మీద బతుకుతుందో వాళ్ళని ఏమంటాం? ఇందాక చెప్పాను. అతిథికి అన్నం పెట్టేవాళ్ళు?”

“ఆతిథేయి!”

“శభాష్. ఇదిగో మన ఆతిథేయి!” అంటూ ఆమె జడల పిల్ల నెత్తి మీద చెయ్యి వేసింది.

తరగతి గొల్లుమంది. టీచరు కూడా నవ్వింది. చాలాసేపు, కళ్ళు చెమర్చేదాకా నవ్వింది. ఆ పిల్ల కూడా నవ్వినట్టే పెదవులు కదిలించింది గానీ, వరసలోకి రాలేదు. రాలేదన్న సంగతి టీచరు గంట కొట్టాక గానీ గమనించలేదు. గమనించినా, రేపు చూపిస్తే పోయిందిలే అనుకుంది.

*

మంగళవారం వరండాలో పోతుంటే ‘ఆతిథేయి’ అన్న మాట చెవిన పడి ఆమె మనసు పొంగిపోయింది. పోయినేడు ఇదే మాట నేర్పడానికి గొంతు పోయింది. పరీక్షలో సగం మంది ‘అతిథి’ అని రాసి చేతులు దులుపుకున్నారు. ఈసారి చూడు, ఆటల్లో కూడా అదే మాట! స్టాఫు రూములో లెక్కల టీచరుతో గొప్పగా చెప్పుకుంది కూడా.

“మీరు అదృష్టవంతులండీ,” అంది లెక్కల టీచరు. “నా లెక్కలు ఎవరి నెత్తిన దొరుకుతాయి?”

ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ మధ్యాహ్నం ఏడో తరగతికి వెళ్ళేసరికి రెండో బెంచీలో జడల పిల్ల ఒక్కతే కూర్చుని ఉంది. పక్కన కూర్చునే ఇద్దరమ్మాయిలూ వెనక బెంచీలో ఇరుక్కుని, ఒకరి మీద ఒకరు పడి రాసుకుంటున్నారు. ఆ పిల్ల రెండు జడలూ చొక్కా కాలరు లోపలికి దోపేసుకుంది. వీపు మీద ఉబ్బుగా, గూని వచ్చినట్టుంది.

“మీరిద్దరూ అక్కడేం చేస్తున్నారు? మీ చోటుకి రండి.”

వాళ్ళు కదల్లేదు. కాసేపటికి ఒకతె లేచి, “మా అమ్మ కూర్చోవద్దంది టీచర్,” అంది.

“నాకూ చెప్పింది. ఆతిథేయి పక్కన కూర్చుంటే ఎక్కుతాయంది,” అంది రెండోది.

అప్పటికి గానీ ఆ మాట వరండాలో ఎవరిని ఉద్దేశించి అన్నారో టీచరుకి బోధపడలేదు. ఏం చెయ్యాలో తోచక, చేతనైన పని చేసింది. పాఠం చెప్పింది. పేలు ఎగరవని, గెంతలేవని, తలకి తల ఆనితే తప్ప ఎక్కవని, శుభ్రమైన తలకీ పడతాయని, అది రోగం కాదని, సిగ్గుపడాల్సింది ఏమీ లేదని. చెబుతున్నకొద్దీ తరగతిలోని కళ్ళన్నీ ఆ ఒక్క బెంచీ మీదకే తిరగడం కనబడుతూనే ఉంది. మాట ఆపడం మాత్రం చేతకాలేదు. ఆ పిల్ల తల ఎత్తలేదు. పుస్తకంలో ఏదో గీతని మళ్ళీ మళ్ళీ దిద్దుతూ కూర్చుంది. కాగితం చిరిగేదాకా దిద్దింది.

బుధవారం ఆ పిల్ల రాలేదు. గురువారం కూడా రాలేదు.

*

గురువారం సాయంత్రం ఇంట్లో టీచరు కూతురు అన్నం కంచం ముందు కూర్చుని రెండు చేతులతో తల గోక్కుంది. మూడో తరగతి చదువుతోంది.

“ఏమిటే ఆ గోకుడు?”

“దురద అమ్మా. ఎప్పట్నించో చెప్తున్నా. నువ్వు వినవు.”

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఒళ్ళో తెల్ల తువ్వాలు పరిచి, పేలదువ్వెనతో ఒక్క దువ్వు దువ్వేసరికి నాలుగు రాలాయి. చెవుల వెనక ఈపులు వరసగా, బియ్యపు నూకల్లా మెరుస్తున్నాయి. అదే దువ్వెన తన జుట్టులో పెట్టుకుంది. తనకీ ఉన్నాయి. అసలు ఆ సోమవారం నాడు తన తలలో ఎన్ని ఉన్నాయో!

లేచి వెళ్ళి తలుపు గడియ వేసింది. కిటికీ తెర లాగింది. పక్కింటి వాళ్ళు చూస్తారేమోనని. కూతురిని మళ్ళీ ఒళ్ళో కూర్చోబెట్టుకుని, గొంతు తగ్గించి, “స్కూల్లో ఎవరితోనూ అనకు, తెలిసిందా? ఎవరైనా అడిగినా లేదనే చెప్పు,” అంది.

“ఎందుకమ్మా?”

“ఎందుకేమిటి? నవ్వుతారు.”

అన్నాక చేతిలో దువ్వెన ఆగిపోయింది.

కూతురు వెనక్కి తిరిగి చూసింది. “అమ్మా, దువ్వు. దురదగా ఉంది.”

భర్త పేల మందు సీసా తెచ్చాడు. కూతురి తలకి పట్టించింది. “నీకూ రాసుకో, సరిపోయేంత తెచ్చాను,” అన్నాడాయన. తర్వాత రాసుకుంటానంది. మర్నాడు పొద్దున్న సీసా అలాగే ఉండడం చూసి, “ఏం, పెంచుకుంటున్నావా వాటిని?” అన్నాడు. ఆమె ముడి గట్టిగా బిగించుకుని బడికి వెళ్ళిపోయింది.

*

శుక్రవారం కూడా ఆ బెంచీ ఖాళీగానే ఉంది. బడి వదిలాక హాజరు పట్టీలోని చిరునామా పట్టుకుని బయల్దేరింది. మెకానిక్ షెడ్డు వెనక ఇరుకు మేడ, రెండో అంతస్తు. మెట్ల మీదికే కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది. తలుపు తెరిచే ఉంది.

గది సగం చొక్కా కాలర్లే. కుట్టినవి ఒక కుప్ప, కుట్టాల్సినవి ఒక కుప్ప, మధ్యలో మిషను ముందు జడల పిల్ల తల్లి. గుమ్మంలో టీచరుని చూసి దిగ్గున లేచింది. ఒళ్ళోంచి దారపు ముక్కలు రాలాయి.

“అయ్యో, మీరొచ్చారా టీచరమ్మగారూ! కూర్చోండి, కూర్చోండి. ఆ కుర్చీ మీద కాలర్లు ఇటు పడేయండి, ఫర్లేదు.”

టీచరు కుర్చీ అంచు మీద కూర్చుంది. దారి పొడవునా కూడగట్టుకున్న మాటలన్నీ ఒక్కసారిగా ఎటో పోయాయి. “పాప బడికి రావడం లేదని...” అంది.

“వస్తుంది, సోమవారంనించి వస్తుంది. నేనే ఆపాను, తల బాగయ్యేదాకా. మీరు చెప్పబట్టి తెలిసిందమ్మా. లేకపోతే నాకు ఎప్పటికి తెలిసేదో!” ఆమె చేతులు జోడించినంత పని చేసింది. “పని ఒత్తిడిలో పడి పిల్ల తల చూడ్డమే మానేశాను. తనే దువ్వుకుంటోంది కదా అని ధీమా. అలాంటి తలతో పంపించానని ఏమీ అనుకోకండి. ఇంకొకరైతే అందరి ముందూ కడిగేసేవాళ్ళు. మీరు పాఠం అయ్యాక పక్కకి పిలిచి, ఎవరికీ వినబడకుండా చెప్పారట. చెప్పింది పిల్ల.”

అబద్ధమమ్మా, అలా జరగలేదు, అనాలి. అనడానికి టీచరు నోరు తెరిచింది కూడా.

అప్పుడు లోపలి గదిలోంచి ఆ పిల్ల మంచినీళ్ళ గ్లాసుతో వచ్చింది. జడలు లేవు. మెడ మీదికి, చెవుల పైకి, ఎక్కడికక్కడ ఎగుడుదిగుడుగా కత్తిరించిన జుట్టు. మొహం సగానికి సగం చిన్నదైపోయింది. గ్లాసు అందించి, టీచరు మొహంకేసి చూడకుండా, తల్లి వెనక్కి వెళ్ళి నిలబడింది.

“మందు రాస్తే పోయేదే కదమ్మా,” అంది టీచరు.

“నేనూ అదే అన్నాను. వినలేదు. కత్తిరించెయ్ అని కూర్చుంది. వద్దే అని ఎంత చెప్పినా ఒకటే పట్టు. అన్నం మానేసింది.” తల్లి చెయ్యి వెనక్కి చాచి కూతురి తల నిమిరింది. “రోజూ ఇంత గుడ్డ కత్తిరిస్తాను, గీత దాటి వెంట్రుకవాసి కూడా పోదు నా కత్తెర. దీని తల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఒకటే వణుకుడు. చూడండి ఎలా వచ్చిందో.”

“బాగానే ఉంది,” అంది టీచరు.

నీళ్ళు తాగింది. ఇంకేం మాట్లాడిందో తర్వాత ఆమెకి గుర్తు లేదు. మెట్లు దిగుతుంటే వెనక కుట్టుమిషను మళ్ళీ మొదలైంది. చెప్పకుండా వచ్చేసింది. చెప్పడానికే వెళ్ళింది, థ్యాంక్సు చెప్పించుకుని వచ్చింది.

*

సోమవారం ఆ పిల్ల వచ్చింది. కత్తిరించిన తలని చూసి తరగతి నోరు వెళ్ళబెట్టింది. రేడియో “ఆతి...” దాకా అని మింగేశాడు. రెండో బెంచీలో పక్క చోట్లు అలాగే ఖాళీగా ఉన్నాయి.

టీచరు మైక్రోస్కోపు బల్ల మీద పెట్టింది. పక్కన తెల్ల కాగితం పరిచింది. అందరూ చూస్తుండగా పిన్నులు ఒక్కొక్కటే తీసి, ముడి విప్పి, జుట్టంతా ముందుకి వేసుకుని, పేలదువ్వెనతో కుదుళ్ళనించి దువ్వింది. బడిలో ఎప్పుడూ ఒక్క వెంట్రుక చెదరనివ్వని మనిషి. పిల్లలకి ఊపిరాడలేదు. రెండో దువ్వుకి కాగితం మీద ఒకటి రాలింది. కాళ్ళు కొట్టుకుంటూ పాకింది.

“ఇది నాది,” అంది ఆమె. “నా తలలోది. ఎప్పట్నించి ఉన్నాయో నాకే తెలీదు. పోయిన సోమవారం కూడా ఉండే ఉంటాయి. కాబట్టి ఆ రోజు ఆతిథేయి ఎవరంటే నేను కూడా. నవ్వుకోండి.”

ఎవరూ నవ్వలేదు. తర్వాత రేడియో లేచాడు. “టీచర్, నాకూ ఉన్నాయి. మా అమ్మ ఆదివారం ఆదివారం తీస్తుంది.”

“నాకూ టీచర్!” అని వెనకనించి ఇంకొకరు. ఉన్నట్టుండి సగం చేతులు లేచాయి. ఎవరికి ఎక్కువన్న పోటీ కూడా మొదలైంది. వెనక బెంచీలో ఇరుక్కున్న ఇద్దరిలో ఒకతె మెల్లగా చెయ్యి ఎత్తి, చుట్టూ చూసి, పుస్తకాలు తీసుకుని రెండో బెంచీలోకి వచ్చి కూర్చుంది. అప్పుడు నవ్వారు అంతా, టీచరుతో సహా. పీడ వదిలినట్టయింది ఆమెకి. వారం రోజులుగా ఛాతీ మీద కూర్చున్నదేదో లేచి వెళ్ళిపోయినట్టు, ఊపిరి అడుగుదాకా అందింది.

ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. ఏడవనూ లేదు. పక్కన కూర్చున్న దానికి చోటిచ్చి, ముందున్న పుస్తకం సర్దుకుంది.

గంట కొట్టాక టీచరు ఆ పిల్లని ఉండమంది. తరగతి ఖాళీ అయ్యేదాకా ఆగి, జుట్టు ముడి వేసుకుంటూ, “ఇంక నిన్నెవరూ ఏమీ అనరు. అందరికీ ఉన్నాయని తేలిపోయిందిగా?” అంది.

“అవును టీచర్.”

“మరి అలా ఉన్నావేం? ఇంకా కోపంగా ఉందా నా మీద?”

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. కాసేపు బల్ల అంచు గోటితో గీకింది.

“మీది మీరే తీసుకున్నారు కదా టీచర్,” అంది. ఎదురు చెప్పినట్టు లేదు, తప్పు రాసిన జవాబుని దిద్దినట్టుంది. “నన్ను అడగలేదు.”

ముడి వేస్తున్న చేతులు అలాగే ఉండిపోయాయి.

“అడిగితే నేనే ఇచ్చేదాన్ని.”

టీచరు పక్కనున్న బెంచీ మీద కూలబడింది. ఇందాకటి తేలికదనమంతా ఏమైపోయిందో తెలీలేదు. ఇప్పుడు ఆ పిల్ల మొహమూ తన మొహమూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

“తప్పు చేశాను తల్లీ,” అంది. “పెద్ద తప్పు. మొన్న మీ ఇంటికి వచ్చి కూడా నోరు విప్పలేకపోయాను. ఈ సాయంత్రం వస్తాను. జరిగింది జరిగినట్టు మీ అమ్మకి చెప్పేస్తాను.”

ఆ పిల్ల మొహంలో అప్పటిదాకా లేని భయం కనబడింది. “వద్దు టీచర్. అమ్మకి చెప్పొద్దు.”

“ఎందుకని? నా కోసం నువ్వు అబద్ధమాడాల్సిన పని లేదు.”

“మీ కోసం కాదు.” ఆ పిల్ల గబగబా అంది. “అందరి ముందూ తీశారంటే, అందరూ నవ్వారంటే, అంతా తన వల్లే అనుకుంటుంది. తల చూడలేదని ఇప్పటికే తిట్టుకుంటోంది. జుట్టు కత్తిరిస్తూ ఏడ్చింది టీచర్. ఎవరూ చూడలేదు, టీచర్ పక్కకి పిలిచి చెప్పారు అన్నాకే ఊరుకుంది. పోనీలే, పరువు దక్కింది అంది.”

టీచరు ఏదో అనబోయింది. ఏమన్నా అది తన బరువు దింపుకోవడమే అవుతుంది. దింపితే పడేది కాలర్ల కుప్పల మధ్య కూర్చున్న ఆ మనిషి నెత్తిన.

“చెప్పరు కదా?” అంది ఆ పిల్ల.

“చెప్పను.”

“ఒట్టు?”

“ఒట్టు.”

“సరే టీచర్,” అని సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఆ ‘సరే’లో క్షమించానని లేదు. పని అయిందని ఉంది.

ఆ సాయంత్రం ఆమె తలకి మందు రాసుకుంది. కళ్ళు మండాయి.

*

శనివారం తల్లిదండ్రుల సమావేశం. వరండా నిండా కుర్చీలు, మార్కుల కాగితాలు, పిల్లల్ని మోచేత్తో పొడుస్తూ వినమనే తండ్రులు. జడల పిల్ల తల్లి పనిలోంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. చీర కొంగుకి దారపు ముక్కలు అంటుకునే ఉన్నాయి. కూతురు ఒక అడుగు వెనక నిలబడింది. టీచరు పక్కనే హెడ్మాస్టరమ్మ, ఎదురుగా తండ్రి పక్కన రేడియో.

“సైన్సులో బాగా రాసిందమ్మా. అందరికంటే బాగా రాసింది,” అంది టీచరు. అది నిజం.

“అంతా మీ చలవ,” అంది తల్లి. హెడ్మాస్టరమ్మ వైపు తిరిగింది. “ఈ టీచరమ్మ లాంటి వాళ్ళుండాలండీ బళ్ళో. మా పిల్ల తలలో పేలు పడితే, ఇంకో పిల్లకి తెలియకుండా పక్కకి పిలిచి చెప్పారు. కన్నతల్లిని, నేను చూసుకోలేదు. ఆవిడ చూశారు.”

రేడియో నోరు తెరిచాడు. టీచరు వాడికేసి చూడలేదు, చూసే ధైర్యం లేదు. వాడి గొంతు రాలేదు. ఓరగా చూస్తే వాడు ఆ పిల్ల కేసి చూసి, తల దించుకుని, చెప్పుతో నేల రాస్తున్నాడు.

“మా సైన్సు టీచరు ఎప్పుడూ అంతేనండీ. పిల్లలంటే ప్రాణం పెడుతుంది,” అంది హెడ్మాస్టరమ్మ.

“ఇంతకీ ఎలా కనిపెట్టారమ్మా?” తల్లి ఆశగా ముందుకి వంగింది. ఒకసారి చెప్పించుకున్న మంచి మాటని మళ్ళీ చెప్పించుకోవాలనుకునే మనిషిలా ఉంది. “పిల్లలెవరూ దగ్గర లేరు కదా అప్పుడు?”

మొన్న ఆ ఇంట్లో టీచరు ఈ అబద్ధానికి నోరు మూసుకుని ఒప్పుకుంది. ఇప్పుడు నోరు తెరిచి చెప్పాలి. తల్లి భుజం మీదుగా ఆ పిల్ల రెప్ప వేయకుండా తనకేసి చూస్తోంది.

“లేరమ్మా,” అంది టీచరు. “గంట కొట్టింది. అందరూ వెళ్ళిపోయారు. పాపని నేనే ఉండమన్నాను. చూడనా తల్లీ, అని అడిగాను. చూడండి టీచర్ అంది. అప్పుడు చూశాను.”

“అదీ!” అంది తల్లి. ఆమె మొహమంతా విచ్చుకుంది. టీచరు చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, వదల్లేక వదిలింది.

ఆ పిల్ల చూపు తిప్పేసుకుంది. “పదమ్మా, నీకు ఆలస్యమవుతోంది,” అని తల్లి కొంగుకున్న దారపు ముక్కలు ఒక్కొక్కటే తీసి పారేస్తూ, మెట్లు దింపి తీసుకెళ్ళింది.

వాళ్ళు గేటు దాటేదాకా టీచరు అలాగే చూస్తూ ఉండిపోయింది. ఎదుటి కుర్చీలో రేడియో తండ్రి, మా వాడి మార్కులు చెప్తారా మేడమ్ అని రెండోసారి అడుగుతున్నాడు.